ఆ తల్లిని ఎవరూ పంచాయతీకి పిలవలేదు

2024 సెప్టెంబరు 4న, జార్జియా రాష్ట్రంలో మేముండే కౌంటీకి గంట లోపు దూరంలో ఉన్న విండర్ పట్టణంలో, అపలాచీ హైస్కూలులో కాల్పులు జరిగాయన్న కబురు నాకు ముందుగా తెనాలి నుంచి వచ్చింది. నేను ఆఫీసు మీటింగులో ఉండగా అమ్మ వరసగా మూడుసార్లు ఫోన్ చేసింది. అక్కడ రాత్రి భోజనాల వేళ. టీవీలో కింద జార్జియా అని అక్షరాలు నడుస్తుంటే చూసి, "అమ్మడూ, పిల్ల ఎక్కడుంది?" అని అడిగింది. బడిలోనే ఉందని చెప్పాను. "ఏ బడిలో?" అని మళ్ళీ అడిగింది. నాకు గొంతు తడారిపోయి, ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి కాసేపు పట్టింది.

మా అమ్మాయిది ఆ బడి కాదు. ఆ రోజు అక్కడ ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. చనిపోయిన విద్యార్థులకు పద్నాలుగేళ్ళు, కాల్చినవాడికీ పద్నాలుగేళ్ళే. సిబ్బంది మెడలో వేసుకునే గుర్తింపు కార్డుల్లో అత్యవసర బటన్లు కొద్ది రోజుల ముందే అమర్చి ఉండడం వల్ల పోలీసులు త్వరగా రాగలిగారనీ, లేకపోతే ఇంకెందరు పోయేవారోననీ అధికారులు చెప్పారు. ఆ మాట విని ఊరట పొందాలో, బడి మేష్టారి మెడలో అలాంటి బటన్ వేలాడే కాలం వచ్చినందుకు బాధపడాలో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక గుమ్మం పక్కన మా అమ్మాయి బూట్లు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. అప్పటికి నెల కిందట, బడి తెరిచే ముందు కొన్న బూట్లవి. అడుగు వేస్తే మడమ దగ్గర ఎర్రగా, నీలంగా దీపాలు వెలిగే బూట్లు దానికి ఎంతో ఇష్టం. కొట్లో వాటినే చేతిలోకి తీసుకుంది, తొడుక్కుని రెండడుగులు వేసి చూసుకుంది, మళ్ళీ విప్పి అరలో పెట్టేసి మామూలు తెల్ల బూట్లు తెచ్చుకుంది. ఎందుకని అడిగితే, "లాక్‌డౌన్ డ్రిల్‌లో లైట్లు ఆపేసి మూలన కూర్చుంటాం కదమ్మా, నా కాలు కదిలితే బూటు వెలుగుతుంది, అందరూ దొరికిపోతారు" అని చెప్పింది. తుపాకి పట్టుకుని ఎవరైనా బడిలోకి వస్తే ఎలా దాక్కోవాలో పిల్లలకు చేయించే సాధన అది. దానికప్పుడు ఏడేళ్ళు. ఆ మాటలో భయం లేదు. వానకు గొడుగు తీసుకెళ్ళాలని చెప్పినంత మామూలుగా చెప్పింది. తన వల్ల తోటి పిల్లలకు ప్రమాదం రాకూడదన్న బాధ్యతను ఏడేళ్ళ పిల్ల తన కాళ్ళ మీద వేసుకుంది. ఆ బాధ్యత నిజానికి ఎవరిది అన్న ప్రశ్న నన్ను అప్పటి నుంచి వదలలేదు.

ఆ రాత్రికే మా కాలనీ వాట్సాప్ గుంపుల్లో కొవ్వొత్తుల బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. మరునాటికి రెండు రకాల మాటలు మొదలయ్యాయి. తుపాకుల చట్టాలు మారాలని ఒకరు రాస్తే, ఇది దుఃఖించాల్సిన సమయం, రాజకీయాలు మాట్లాడే సమయం కాదని ఇంకొకరు మందలించారు. ఈ రెండో మాట ఈ దేశంలో ప్రతి కాల్పుల తరువాతా వినిపిస్తుంది. గవర్నర్లు అంటారు, సెనేటర్లు అంటారు, పక్కింటివాళ్ళూ అంటారు. అన్నవాళ్ళందరూ దురుద్దేశంతో అన్నారని నేను అనుకోను. చావు ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడాలన్న మర్యాద మనకూ తెలుసు. కానీ దుఃఖానికీ చట్టానికీ మధ్య ఇలా గీత గీయడం నా మనసుకు ఎందుకు ఎక్కడం లేదో ఆలోచిస్తుంటే, చిన్నప్పుడు మా ఊళ్ళో జరిగిన ఒక సంగతి గుర్తుకొచ్చింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా ఊళ్ళో రామాలయం వెనక ఉన్న ఊరబావిలో అయిదేళ్ళ పిల్లవాడు పడి చనిపోయాడు. బావి గట్టు ఒక వైపు కూలిపోయి అప్పటికి చాలా కాలమైంది. ఆ ఇంట పొయ్యి వెలిగించలేదు. చుట్టుపక్కల ఇళ్ళ నుంచి అన్నం, చారు కేరేజీల్లో వెళ్ళేవి. మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని పరామర్శకు వెళ్ళింది. అక్కడ ఒక్క మాటా మాట్లాడకుండా ఆ తల్లి పక్కన గంటసేపు కూర్చుని, చావు ఇంటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు కాబట్టి చెప్పకుండానే లేచి వచ్చేసింది. అదే సాయంత్రం రచ్చబండ దగ్గర మగవాళ్ళు బావి గురించి మాట్లాడుకున్నారు. అందరూ ఒక్క మాట మీద ఉన్నారని చెప్పను. ఖర్చెవరు పెడతారని ఒకరు, పిల్లల్ని కనిపెట్టుకోవాల్సింది తల్లులే కదా అని ఒకరు, గోడ కడితే తమ దారికి అడ్డమొస్తుందని ఆ బావి నీళ్ళతో కూరపాదులు వేసుకున్నవాళ్ళు అన్నారు. వాదన గట్టిగానే జరిగింది. అయితే నెల తిరగకముందే బావి చుట్టూ నడుమెత్తు గోడ లేచింది, పైన ఇనుప జాలీ పడింది. ఆ వాదన జరిగిన రోజుల్లో చనిపోయిన పిల్లవాడి తల్లి గడప దాటి బయటికి రాలేదు. నువ్వొచ్చి ఏడిస్తే గానీ గోడ కట్టం అని ఆమెతో ఎవరూ అనలేదు. ఆమె బిడ్డ ఫోటో పట్టుకుని పంచాయతీ ముందు నిలబడాల్సి రాలేదు.

అమెరికాలో నేను చూసింది దీనికి తలకిందులు.

2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఇరవైమంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది హతులయ్యారు. పిల్లలందరికీ ఆరో ఏడో ఏళ్ళు. హంతకుల పేర్లు ఇక్కడ రాయను, ఎవరూ రాయకపోతే మేలని నా అభిప్రాయం. ఆ ఇరవై ఏళ్ళ యువకుడు ముందు ఇంట్లో తల్లిని చంపి, ఆమె చట్టబద్ధంగా కొన్న తుపాకులే తీసుకుని బడికి వెళ్ళాడు. బడి లోపల అయిదు నిమిషాలైనా గడవకముందే రైఫిలుతో 154 తూటాలు పేల్చాడు. తల్లిదండ్రులు బడి దగ్గరలో ఉన్న ఫైర్ స్టేషన్‌లో గుమిగూడారు. ఒక్కొక్క తరగతి పిల్లలూ వస్తున్నారు, ఒక్కొక్క కుటుంబమూ పిల్లను హత్తుకుని వెళ్ళిపోతోంది. చివరికి కొన్ని కుటుంబాలే మిగిలాయి. శవాలను లాంఛనంగా గుర్తించేదాకా ఏమీ చెప్పకూడదన్నది పద్ధతి. గంటలు గడుస్తున్నాయి. అప్పుడు గవర్నరు డానెల్ మల్లాయ్ ఆ గదిలో నిలబడి, ఇప్పటిదాకా పిల్లలను కలుసుకోలేకపోయినవారు ఇక కలుసుకోలేరన్న మాట తానే చెప్పాడు. ఆ పద్ధతిని పక్కనబెట్టి ఆ మాట అన్నందుకు ఆయనను తప్పుబట్టినవారూ ఉన్నారు. ఆ గదిలో ఉండి ఉంటే నేను ఆ మాట కోసమే ఎదురుచూసేదాన్నేమో, ఆ మాట రాకూడదని కోరుకునేదాన్నేమో, ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ తరువాత లోకమంతా దుఃఖించింది. సుమారు 27 వేల జనాభా ఉన్న ఆ ఊరికి 65 వేల దాకా టెడ్డీ బొమ్మలు వచ్చాయి, అంటే మనిషికి రెండేసి కంటే ఎక్కువ. ఉత్తరాలు లక్షల్లో వచ్చాయి. ఊరివాళ్ళకు వాటిని దాచడానికి గోదాము, విప్పి సర్దడానికి వందల మంది స్వచ్ఛంద సేవకులు అవసరమయ్యారు. దయచేసి ఇక పంపవద్దని చెప్పుకోవలసి వచ్చింది. రోడ్ల పక్కన పోగుపడి వానకూ మంచుకూ తడిసిపోయిన వాటిని పారేయడానికి మనసొప్పక, దహనం చేసి ఆ బూడిదను పవిత్రమైన మట్టిగా దాచారు. పంపినవారిలో ఎవరిదీ తప్పుడు మనసు కాదు. అయినా ఒక లెక్క చూడండి. పిల్లలను పోగొట్టుకున్న ఊరు, తనను ఓదార్చడానికి వచ్చిన బొమ్మలను సర్దే పనిలో పడింది. పరామర్శకు వచ్చినవాళ్ళకు చావు ఇంటివాళ్ళే వండిపెట్టవలసి వచ్చినట్టుంది ఇది.

ఇంకా బరువైన పని ఆ తల్లిదండ్రుల మీద తరువాత పడింది. 2013 ఏప్రిల్‌లో వాళ్ళలో కొందరు అధ్యక్షుడు ఒబామా విమానంలో వాషింగ్టన్ వెళ్ళారు. సెనేటర్ల గదులు ఒక్కొక్కటిగా తిరిగి, పోయిన పిల్లల ఫోటోలు చూపించి, తుపాకుల ప్రదర్శనల్లోనూ ఇంటర్నెట్‌లోనూ జరిగే అమ్మకాలకు కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవాడి పూర్వాపరాల తనిఖీ, పెట్టమని అడిగారు. డెమొక్రాట్ మాంచిన్, రిపబ్లికన్ టూమీ కలిసి తెచ్చిన సవరణ అది. అప్పటి సర్వేల్లో పదింట తొమ్మిది మంది అలాంటి తనిఖీ కావాలన్నారు. ఏప్రిల్ 17న సెనేట్‌లో 54 మంది అవునన్నారు, 46 మంది కాదన్నారు. ముందుకు సాగాలంటే 60 ఓట్లు కావాలి. సవరణ వీగిపోయింది. ఆ సాయంత్రం శ్వేతసౌధం తోటలో ఒబామా పక్కన నిలబడిన ఆ తల్లిదండ్రుల ముఖాలను నేను అప్పుడు చూశాను. అప్పటికి నాకు పిల్లలు లేరు. పాపం అనుకుని ఛానల్ మార్చాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ సవరణ నెగ్గి ఉన్నా శాండీ హుక్‌లో జరిగింది ఆగేది కాదు, ఎందుకంటే హంతకుడి తల్లి తుపాకులను చట్టప్రకారమే కొనుక్కుంది. తుపాకి పక్షంవాళ్ళు ఈ మాట పదేపదే అన్నారు, అన్నంతవరకు అది సరైనదే. దుఃఖం మనకు తొందరను ఇస్తుంది గానీ, ఏ చట్టం ఎక్కడ పనిచేస్తుందో చెప్పే తెలివిని ఇవ్వదు. ఆ తెలివి కోసం చల్లగా కూర్చుని లెక్కలు చూడాలి, ఎదుటివాడి అభ్యంతరం వినాలి, చట్టాన్ని పదం పదంగా చదవాలి. అది కడుపుకోతలో ఉన్నవాళ్ళు చేయవలసిన పని కాదు. వాళ్ళు సెనేట్ మెట్లెక్కవలసి వచ్చింది మిగతా మనమంతా ఆ పని ముందే చేయలేదు కాబట్టి. దుఃఖం వాళ్ళది, వాదన మనది. మనం దుఃఖాన్ని పంచుకున్నామని చెప్పుకుని, వాదనను వాళ్ళ నెత్తిన పెట్టి వచ్చేశాం.

పెట్టినదానికి వాళ్ళు కట్టిన వెల కూడా చెప్పుకోవాలి. పిల్లలెవరూ చనిపోలేదనీ, ఆ ఏడుపులన్నీ నటన అనీ అలెక్స్ జోన్స్ అనే ప్రసారకుడు ఏళ్ళ తరబడి ప్రచారం చేశాడు. అది నమ్మినవాళ్ళు ఆ తల్లిదండ్రులను బెదిరించారు, వీధుల్లో నిలదీశారు. కొందరు ఇళ్ళు మారవలసి వచ్చింది. 2022 అక్టోబరులో కనెటికట్ జ్యూరీ అతడు 96.5 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. బహిరంగంగా వాదించవలసి రావడం వల్లే వాళ్ళ ముఖాలు ఊరందరికీ తెలిశాయి, ముఖాలు తెలిశాయి కాబట్టే వేధించేవాళ్ళకు సులువుగా దొరికారు.

దీనికి భిన్నంగా జరిగిన చోటు ఒకటుంది. 1996 మార్చి 13న స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ అనే చిన్న పట్టణంలో, ప్రాథమిక పాఠశాల వ్యాయామశాలలో పదహారు మంది పసిపిల్లలు, వాళ్ళ ఉపాధ్యాయిని హతులయ్యారు. హంతకుడి దగ్గరున్నవి లైసెన్సు ఉన్న పిస్తోళ్ళే. కొన్ని వారాల్లో, ఆ కుటుంబాలను ఎరిగిన చుట్టుపక్కల తల్లులు కొందరు కూర్చుని, పిస్తోళ్ళను ప్రజల చేతుల్లో లేకుండా చేయాలని ఒక విన్నపం రాశారు. మార్చి నెలలో అక్కడ పూసే పువ్వు స్నోడ్రాప్ కాబట్టి ఆ పేరే పెట్టారు. ఏడు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. పిల్లలను పోగొట్టుకున్న తండ్రులు కొందరు కూడా మాట్లాడారు, కానీ మాట్లాడలేనివాళ్ళు మాట్లాడకుండా ఇంట్లో ఉండగలిగారు. మరో పక్క లార్డ్ కలెన్ అనే న్యాయమూర్తి విచారణ జరిపి, జరిగినదంతా తవ్వి నివేదిక రాశారు. ఆ నివేదిక అన్ని పిస్తోళ్ళనూ నిషేధించమనలేదు. పార్లమెంటు అంతకంటే ముందుకు వెళ్ళింది. 1997లో కన్సర్వేటివ్ ప్రభుత్వం పెద్ద పిస్తోళ్ళను, అదే ఏడాది అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం మిగిలిన చిన్నవాటినీ నిషేధించాయి. లక్షా అరవై వేలకు పైగా పిస్తోళ్ళు పోలీసులకు చేరాయి. బ్రిటన్‌లో ఆ తరువాత కాల్పులే లేవని కాదు, 2010లో కంబ్రియాలో, 2021లో ప్లిమత్‌లో జరిగాయి. కానీ అలాంటి దారుణం మళ్ళీ ఏ బడిలోనూ జరగలేదు.

అమెరికా బ్రిటన్ కాదు, ఆ సంగతి నాకు తెలుసు. ఇక్కడ తుపాకి కలిగి ఉండడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. 1791 నాటి రెండో సవరణను వ్యక్తిగత హక్కుగానే చదవాలని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జనం చేతుల్లో జనాభా కంటే ఎక్కువ తుపాకులు, నలభై కోట్ల దరిదాపుల్లో, ఉన్నాయని అంచనా. నిషేధం గురించి మాట్లాడితే ఇక్కడ సంభాషణ ఆగిపోతుంది. అయితే ఆ 2008 తీర్పులోనే, ఆ హక్కు హద్దుల్లేనిది కాదని దాన్ని రాసిన జస్టిస్ స్కాలియా స్పష్టంగా అన్నారు. ఆ హద్దులు ఎక్కడ ఉండాలన్నదే మన ముందున్న వాదన, అందులోకి దిగడానికి ఎవరి చావు కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

మంచివాడి చేతిలో తుపాకి ఒక్కటే చెడ్డవాడి చేతిలో తుపాకిని ఆపగలదని, శాండీ హుక్ జరిగిన వారానికి, తుపాకి హక్కుల కోసం పోరాడే జాతీయ రైఫిల్ సంఘానికి అప్పటి అధిపతి వేన్ లాపియర్ అన్నాడు. దానికి జవాబు పదేళ్ళ తరువాత టెక్సస్‌లో వచ్చింది. 2022 మే 24న యువాల్డీలోని రాబ్ ప్రాథమిక పాఠశాలకు 376 మంది సాయుధ అధికారులు వచ్చారు. పద్దెనిమిదేళ్ళ హంతకుణ్ణి ఎదుర్కోవడానికి వాళ్ళకు 77 నిమిషాలు పట్టింది. పందొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు చనిపోయారు. కొందరు పిల్లలను వాళ్ళ బట్టల మీది కార్టూన్ బొమ్మలను బట్టే గుర్తుపట్టవలసి వచ్చిందని ఆ ఊరి పిల్లల డాక్టరు కాంగ్రెస్ ముందు చెప్పారు. ఆ వాక్యం చదివిన రోజు మా అమ్మాయి స్నానం చేసి నా ముందే కార్టూన్ బొమ్మల గౌను తొడుక్కుంది.

యువాల్డీ దుఃఖం ఒక చట్టాన్ని తెచ్చింది, తీసిపారేయకూడదు. 2022 జూన్ 25న సంతకమైన ఆ చట్టం, దాదాపు మూడు దశాబ్దాల్లో తుపాకుల మీద వచ్చిన మొదటి చెప్పుకోదగ్గ ఫెడరల్ చట్టం. ఇరవై ఒక్క ఏళ్ళ లోపువారు తుపాకి కొంటే తనిఖీ ఇంకొంత లోతుగా జరుగుతుంది. కానీ టెక్సస్‌లో ఆ తల్లిదండ్రులు అడిగింది వేరు: ఆ హంతకుడు వాడినలాంటి రైఫిలు కొనే వయసును పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటికి పెంచమన్నారు. 2023లో వాళ్ళు మళ్ళీ మళ్ళీ రాష్ట్ర రాజధాని ఆస్టిన్ వెళ్ళారు. కమిటీ ముందు తమ వంతు కోసం పొద్దున నుంచి అర్ధరాత్రి దాటేదాకా కాచుకున్నారు. బిల్లు కమిటీలోనే ఉండిపోయింది. ఆ మే 6న అలెన్ పట్టణంలోని మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయాక, రెండు రోజులకు కమిటీ ఆ బిల్లును పైకి పంపింది. అప్పటికి గడువు ముంచుకొచ్చి, సభలో ఓటింగు దాకా అది చేరనే లేదు.

అలెన్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో ఒకరు హైదరాబాదు అమ్మాయి, ఇంజనీరు. ఆ వారం మన తెలుగువాళ్ళు ఎలా స్పందించారో నాకు బాగా గుర్తుంది. మృతదేహాన్ని ఇంటికి చేర్చే పని సంఘాలవాళ్ళు మీదేసుకున్నారు. విరాళాలు గంటల్లో పోగయ్యాయి. ఈ విషయంలో మనవాళ్ళ చేతికి ఎముక లేదు, ఎవరి ఇంట చావు జరిగినా ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా వంద డాలర్లు వేస్తారు. మేమూ వేశాం. ఆ తరువాత? ఆ అమ్మాయి చనిపోయిన రాష్ట్రంలోనే, రెండు రోజులకే, తుపాకి కొనే వయసు మీద ఓటింగు జరిగితే, మా గుంపుల్లో ఆ సంగతి ప్రస్తావించినవారు ఒక్కరూ లేరు. నేనూ ప్రస్తావించలేదు. పరామర్శకు వెళ్ళాం గానీ రచ్చబండ దగ్గరికి వెళ్ళలేదు.

మనం వీసా మీద ఉన్నవాళ్ళం, ఓటు లేనివాళ్ళం, మనకెందుకు అనే మాట చాలామంది అంటారు. ఆ జంకు నాకు తెలుసు, పదేళ్ళ పాటు నాదీ అదే మాట. కానీ ఈ సమస్యలో మన వాటా ఓటు దగ్గర మొదలవదు, మన పడకగది సొరుగు దగ్గర మొదలవుతుంది.

కొన్నేళ్ళుగా మన ఇళ్ళలోనూ తుపాకులు పెరిగాయి. బంగారం ఉంటుందన్న ఎరుకతో మన ఇళ్ళనే వెతికి దొంగతనాలు చేయడం దీనికి ఒక పెద్ద కారణం. మాకు దగ్గరివాళ్ళయిన ఒక కుటుంబం చలికాలం సెలవులకు గుంటూరు వెళ్ళినప్పుడు, వాళ్ళింట్లో పడి పిల్లల చెవిపోగులతో సహా ఊడ్చుకుపోయారు. తిరిగొచ్చిన నెలలోపు ఆ అన్నయ్య పిస్తోలు కొన్నాడు. "పోలీసులు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టిందమ్మా, ఆ ఇరవై నిమిషాలూ నా పిల్లలకు నేనే కదా దిక్కు" అన్నాడు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఇంటిని కాపాడుకోవాలన్న ఆరాటం తప్పు కాదు, ఆయన దుర్మార్గుడూ కాదు. తుపాకి ఉన్న ప్రతివాణ్ణీ హంతకుణ్ణి చూసినట్టు చూస్తే వాదన ఒక అడుగు కూడా ముందుకు పోదు.

కానీ అదే కుటుంబం మిగిలిన బంగారాన్ని అప్పటి నుంచి బ్యాంకు లాకరులో పెడుతోంది. మన తెలుగిళ్ళలో బీరువా తాళాలు ఎక్కడుంటాయో పిల్లలకు తెలియదు. మా నాయనమ్మ తాళంచెవుల గుత్తి బొడ్డున దోపుకునే నిద్రపోయేది. నాలుగు కాసుల గొలుసుకు ఇంత కాపలా పెట్టేవాళ్ళం, తుపాకిని మాత్రం అవసరానికి చేతికందాలని మంచం పక్క సొరుగులో పెడుతున్నాం.

ఇది చిన్న విషయం కాదు. బడుల్లో జరిగిన దాడులను పరిశీలించి అమెరికా సీక్రెట్ సర్వీస్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, తుపాకి వాడిన దాడుల్లో నాలుగింట మూడు వంతుల సార్లు ఆ తుపాకి తల్లిదండ్రుల ఇంటి నుంచో దగ్గరి బంధువుల ఇంటి నుంచో వచ్చింది. శాండీ హుక్‌లో తుపాకి తల్లిది. 2021లో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో నలుగురిని చంపిన పదిహేనేళ్ళవాడికి పిస్తోలు కొనిపెట్టింది తండ్రే. ఆ తల్లికీ తండ్రికీ 2024లో చెరి పదేళ్ళకు తగ్గని జైలుశిక్ష పడింది. అపలాచీలో వాడిన రైఫిలును తండ్రే క్రిస్మస్‌కు కానుకగా ఇచ్చాడని పోలీసులు చెప్పారు, ఆయన మీదా కేసు పెట్టారు. మిషిగన్‌లో, పిల్లలున్న ఇంట్లో తుపాకిని తాళంలో పెట్టి తీరాలన్న చట్టం ఇప్పుడు అమల్లో ఉంది. మా జార్జియా 2025లో బడి భద్రత చట్టం తెచ్చింది, అత్యవసర బటన్లు అన్ని ప్రభుత్వ బడులకూ తప్పనిసరి చేసింది. మంచిదే. ఇంట్లో తుపాకికి తాళం వేయమని మాత్రం అందులో ఒక్క మాట లేదు.

తాళం బడి కాల్పుల కోసమే కాదు. 2020 నుంచి ఈ దేశంలో ఒకటి నుంచి పందొమ్మిదేళ్ళ వాళ్ళ మరణాలకు మొదటి కారణం తుపాకి. అందులో బడుల్లో జరిగేవి చాలా కొద్ది. మిగతావి వీధుల్లో, ఇళ్ళలో, ఆటలో పేలినవి, పదహారేళ్ళ కుర్రవాడు ఒక చీకటి సాయంత్రం తన మీదే తాను గురిపెట్టుకున్నవి. మానసిక సమస్యలే అసలు కారణం అనేవాళ్ళతో నాకు పెద్ద తగువు లేదు. ఏ దేశంలో లేవు ఆ సమస్యలు? బాధలో ఉన్న పిల్లవాడి చేతికి ఆ గంటలో ఏది అందుబాటులో ఉంది అన్నదే తేడా.

అపలాచీ జరిగిన పదకొండు రోజులకు ఆదివారం వచ్చింది. మన లెక్కలో పెద్దకర్మ రోజు. చావు ఇంట మనవాళ్ళు ఆ రోజు భోజనాలయ్యాక పెద్దలతో కూర్చుని అప్పులేమిటి, పొలం ఎవరు చూస్తారు, పిల్లల చదువు ఎవరి పూచీ అని తేల్చుకుంటారు. అంతవరకు జరిగితేనే పరామర్శకు వెళ్ళిన బంధువు బాధ్యత తీరుతుంది. ఆ సాయంత్రం నేను ఆ అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను. మా అమ్మాయి శనివారాలు అక్కడే పడుకుంటుంది, వాళ్ళ పాప మా ఇంట్లో పడుకుంటుంది. ఎలా అడగాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. చివరికి వదిన వంటింట్లో పప్పు తాలింపు వేస్తుంటే వెనక నిలబడి, "వదినా, అన్నయ్య తుపాకి ఎక్కడ పెడతాడు?" అని అడిగేశాను.

ఆవిడ గరిట ఆపింది. "మంచం పక్క సొరుగులో. ఎందుకు?" అంది. తాళం ఉందా అంటే లేదంది. అన్నయ్య లోపలి గదిలోంచి వచ్చి, "తాళం వేసి పెడితే దొంగ వచ్చినప్పుడు వెతుక్కుంటూ కూర్చోవాలా?" అన్నాడు. వేలిముద్రతో రెండు మూడు సెకన్లలో తెరుచుకునే చిన్న ఇనుప పెట్టెలు ఉన్నాయని చెప్పాను. సీక్రెట్ సర్వీస్ లెక్క చెప్పాను. మన పిల్లలు అలాంటివాళ్ళు కాదన్నాడు. ఆ తండ్రులందరూ కూడా అలాగే అనుకుని ఉంటారన్నయ్యా అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయనకు కోపం వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. రెండు శనివారాలు పిల్లల రాకపోకలు ఆగిపోయాయి. మూడో వారం వదిన ఫోటో పంపింది, బీరువా పై అరలో నల్లటి పెట్టె, దాని మీద వేలు పెట్టే గుండ్రటి చోటు.

ఆ అక్టోబరులో మా కౌంటీ బడి బోర్డు సమావేశంలో మూడు నిమిషాలు మాట్లాడాను. బడి తెరిచేటప్పుడు ఇంటికి పంపే కాగితాల్లో, తుపాకిని తాళంలో పెట్టవలసిన అవసరం గురించి ఒక పేజీ చేర్చమని అడిగాను. కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. వార్తల్లో ఏ కాల్పులూ లేని వారం అది. నా తరువాత మాట్లాడిన పెద్దాయన నాతో ఏకీభవించలేదు. ఇంట్లో సంగతి బడికి అనవసరమన్నాడు. కానీ బయటికి వచ్చాక పార్కింగులో ఆగి, తన మనవల కోసం తాను తాళం వేస్తానని చెప్పి వెళ్ళాడు. బోర్డు ఇంకా ఏమీ తేల్చలేదు. ప్రతి మూడు నెలలకూ వెళ్ళి అడుగుతున్నాను. ఒకసారి నాతో మరో ఇద్దరు తెలుగు తల్లులు వచ్చారు.

మొన్న ఉగాది తరువాత మా అమ్మాయి కొత్త స్నేహితురాలు మొదటిసారి మా ఇంటికి ఆడుకోవడానికి వచ్చింది. విజయనగరం వాళ్ళు, ఈ మధ్యే ఈ కాలనీకి మారారు. వాళ్ళమ్మ గుమ్మంలో చెప్పులు విప్పి, పిల్ల లోపలికి పరిగెత్తాక కూడా లోపలికి రాకుండా అక్కడే నిలబడింది. ఏదో అడగాలని ఉందనీ, మొహమాటపడుతోందనీ అర్థమైంది.

"ఏమనుకోకండి," అంది చివరికి, "మీ ఇంట్లో తుపాకి ఉందాండీ?"

లేదని చెప్పి, లోపలికి రమ్మని తలుపు పూర్తిగా తెరిచాను.